అమ్మ ఫోన్లో 'వైరస్ వచ్చింది' మెసేజ్‌లు ఆగాయి (నా అనుభవం)

కావలిలో మా అమ్మ ఫోన్‌కి నెలరోజులుగా 'మీ ఫోన్లో 13 వైరస్‌లు ఉన్నాయి' అని ఒకటే మెసేజ్‌లు. ఆమెకు టెన్షన్, నాకు రోజూ ఫోన్లు.

ఆఫ్ చేసి ఆన్ చేశాం, యాంటీవైరస్ వేశాం, తెలియని యాప్‌లు తీసేశాం, లాభం లేదు. షాపులో ఫార్మాట్ కొట్టాలన్నారు. మనవడి ఫొటోలు పోతాయని అమ్మ ఒప్పుకోలేదు, అదే మంచిదైంది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ మెసేజ్‌ను తెరవకుండా వేలితో నొక్కి పట్టుకున్నా. క్రోమ్ అని, దాంతోపాటు ఏదో సైటు పేరు కనిపించింది. అమ్మ సీరియల్ చూడబోయి, 'నోటిఫికేషన్లు పంపొచ్చా' అని ఆ సైటు అడిగితే ఎప్పుడో 'అలో' నొక్కేసిందన్నమాట. క్రోమ్ తెరిచి మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లా. అనుమతి ఉన్న సైట్లు పదకొండు! ఒక్కొక్కటే తెరిచి బ్లాక్ చేశా. చివర్లో అదే పేజీలో పైనున్న బటన్ కూడా ఆపేశా, ఇక కొత్త సైట్లు అడగకుండా.

మూడు వారాలైంది, ఒక్కటీ రాలేదు. మీ ఫోన్లో మెనూ పేర్లు కొంచెం తేడాగా ఉండొచ్చు. నొక్కి పట్టినప్పుడు క్రోమ్ కాకుండా వేరే యాప్ పేరు వస్తే మాత్రం ఇది పనిచేయదు, ఆ యాప్ సంగతే చూడాలి. ఆ మెసేజ్ నొక్కి ఎవరైనా డబ్బు పోగొట్టుకునుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.