ఇండోర్ ట్రైనర్ కొనేముందు సైకిల్ వెనక చక్రం చూడండి

చలికాలంలో పొద్దెక్కేదాకా వెలుతురు రాదు, రోడ్డు జారుడుగా ఉంటుంది. అలాంటప్పుడు తొక్కడం ఆగిపోకుండా ఇంట్లో ట్రైనర్, అంటే సైకిల్‌ని ఉన్నచోటే తొక్కేలా చేసే పరికరం, పెట్టుకోవడం మంచి ఆలోచనే. అయితే చాలామంది వాట్లు (ఎంత తొక్కుడు బలాన్ని తట్టుకోగలదో), వాలు శాతాలు (ఎంత ఎక్కుడుని అనుకరించగలదో) పోల్చి చూసి కొనేస్తారు. పెట్టె విప్పాక గానీ అది తమ సైకిల్‌కి పట్టదని తెలియదు. కాబట్టి ముందు ఒక స్కేలు తీసుకుని సైకిల్ వెనక కూర్చోండి.

మొదట ఇరుసు. లివర్ తిప్పితే వదులయ్యే సన్నని క్విక్ రిలీజ్ అయితే, చక్రం కూర్చునే చోట ఫ్రేమ్ లోపలి వెడల్పు సాధారణంగా 130 లేదా 135 మి.మీ. ఉంటుంది. మర విప్పితే మొత్తం బయటికొచ్చే లావుపాటి త్రూ యాక్సిల్ అయితే లావు 12 మి.మీ., వెడల్పు 142 లేదా 148 మి.మీ. డిస్క్ బ్రేక్ రోడ్ సైకిళ్లకి ఎక్కువగా 142, బూస్ట్ అని రాసి ఉన్న మౌంటెన్ బైకులకి 148. ఈ కొలతలకి అడాప్టర్లు దొరుకుతాయి గానీ, 148 మి.మీ.ది పెట్టెలో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి.

తర్వాత క్యాసెట్, అంటే వెనక చక్రం మీది గేర్ పళ్లచక్రాల గుత్తి. వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా ట్రైనర్‌కే తగిలించే రకాన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. వీటిలో చాలావాటికి క్యాసెట్ మీరే బిగించాలి. మీ క్యాసెట్‌లో అన్నిటికన్నా చిన్న చక్రానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టండి. షిమానో, శ్రామ్ కంపెనీల క్యాసెట్లలో 11 లేదా అంతకన్నా ఎక్కువుంటే చాలా ట్రైనర్లతో వచ్చే షిమానో హెచ్‌జీ ఫ్రీహబ్ (క్యాసెట్‌ని ఎక్కించే భాగం) సాధారణంగా సరిపోతుంది. 10 ఉంటే అది హెచ్‌జీ మీద ఎక్కదు. అప్పుడు శ్రామ్‌కి ఎక్స్‌డీ లేదా ఎక్స్‌డీఆర్, షిమానో 12 స్పీడ్ (వెనక 12 గేర్లున్న) మౌంటెన్ బైకుకి మైక్రో స్ప్లైన్ ఫ్రీహబ్ విడిగా కొనాలి. 11 స్పీడ్ రోడ్ ఫ్రీహబ్ మీద 8, 9 స్పీడ్ క్యాసెట్ పెడితే 1.85 మి.మీ. స్పేసర్ (సందు పూడ్చే రింగు) వెనక వేయాలి. షిమానో 10 స్పీడ్ రోడ్ క్యాసెట్లలో చాలావాటికి ఇంకో 1 మి.మీ. స్పేసర్ కూడా పడుతుంది. ఇది మర్చిపోతే లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే మర రింగు) ఎంత బిగించినా క్యాసెట్ అటూ ఇటూ ఆడుతుంది, గేర్లు తమంతట తామే మారుతుంటాయి. లాక్‌రింగ్ బిగువు 40 న్యూటన్ మీటర్లు. చైన్ బాగా అరిగిపోయి ఉంటే మాత్రం కొత్త క్యాసెట్ పళ్ల మీద అది గట్టిగా తొక్కినప్పుడు ఎగిరిపడవచ్చు. అలాంటప్పుడు చైన్ కూడా మార్చక తప్పదు.

వెనక చక్రం తీయకుండా, టైర్‌ని ఒక రోలర్‌కి ఆనించి తిప్పే ట్రైనర్లు చవక, తేలిక. వారానికి ఒకట్రెండు సార్లు అరగంట తొక్కేవాళ్లకి ఇవి చాలు. కానీ టైరు గాలి, రోలర్ ఒత్తిడి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. రోలర్ టైరుకి తగిలాక నాబ్‌ని ఎన్ని చుట్లు తిప్పారో గుర్తుపెట్టుకోండి, తయారీదారు చెప్పినన్నే తిప్పండి. తక్కువైతే స్ప్రింట్‌లో టైర్ జారి రబ్బరు కాలుతుంది, ఎక్కువైతే టైర్ త్వరగా అరుగుతుంది. గడ్డలున్న మౌంటెన్ టైర్ పనికిరాదు, ఇల్లంతా హోరెత్తుతుంది. ట్రైనర్ కోసం చేసిన గట్టి రబ్బరు టైర్ వేసుకోండి, దాన్ని రోడ్డు మీదికి మాత్రం తీసుకెళ్లకండి, పట్టు ఉండదు. త్రూ యాక్సిల్ సైకిల్‌కి ఈ రకం ట్రైనర్ కొంటే దానికి తగిన ప్రత్యేక యాక్సిల్ కావాలి. పొడవుతో పాటు మర పిచ్ (మర గీతల మధ్య దూరం) కూడా కలవాలి. ఫ్రేమ్ కార్బన్‌దైతే ట్రైనర్‌కి బిగించవచ్చో లేదో సైకిల్ కంపెనీ వారంటీలో చూడండి.

మూడు డ్రమ్ముల మీద స్వేచ్ఛగా తొక్కే రోలర్లు బ్యాలెన్స్ బాగా నేర్పుతాయి, భారీ ఇంటర్వెల్స్‌కి (కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా తొక్కే సాధనకి) మాత్రం అంత అనువు కావు.

వాలు శాతం గురించి అంత కంగారు అక్కర్లేదు. జ్విఫ్ట్ అనే ఇండోర్ సైక్లింగ్ యాప్‌లో ట్రైనర్ డిఫికల్టీ అనే సెట్టింగ్ మొదట్లో 50 శాతం దగ్గర ఉంటుంది. అంటే 16 శాతం ఎక్కుడు కాళ్లకి 8 శాతంలా తగులుతుంది, మీ వేగాన్ని మాత్రం మీ వాట్లే నిర్ణయిస్తాయి. 25 శాతం వాలు కోసం అదనంగా పెట్టే డబ్బు కంటే వాట్లు కొలవడంలో కచ్చితత్వం మీద పెట్టే డబ్బు మేలు. 200 వాట్ల దగ్గర 2 శాతం తేడా అంటే 4 వాట్లు, 5 శాతం అంటే 10 వాట్లు. లెక్క పెట్టుకుని సాధన చేసేవాళ్లకి ఆ 10 వాట్లు పెద్ద తేడానే.

ఈఆర్‌జీ మోడ్‌లో యాప్ అడిగిన వాట్లను ట్రైనరే నిలబెడుతుంది. కాళ్లు నెమ్మదిస్తే బరువు పెంచుతుంది, దాంతో ఇంకా నెమ్మదిస్తారు, చివరికి పెడల్ కదలదు. అందుకే ఇంటర్వెల్ మొదలయ్యే ముందే నిమిషానికి 90 చుట్లకి రండి. ఒకవేళ ఇరుక్కుపోతే రెండు మూడు సెకన్లు ఆపి మళ్లీ తేలిగ్గా తిప్పుతూ వేగం అందుకోండి. ముందు చిన్న చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్లచక్రం), వెనక మధ్య గేర్ పెట్టుకుంటే చైన్ తిన్నగా ఉంటుంది, చప్పుడూ తగ్గుతుంది.

బ్లూటూత్ చాలా ట్రైనర్లలో ఒకసారికి ఒక పరికరానికే తగులుతుంది. ఫోన్‌లో యాప్ వెనకాల తెరిచి ఉంటే ల్యాప్‌టాప్‌కి ట్రైనర్ కనబడదు. ముందు దాన్ని మూసేయండి.

కింది అంతస్తు వాళ్లకి వినబడేది మోటారు మోత కాదు, నేలలోంచి దిగే అదురు. కింద మందపాటి రబ్బరు మ్యాట్ పరవండి. ఎదురుగాలి ఉండదు కాబట్టి చలికాలంలో కూడా ఫ్యాన్ కావాలి, ఛాతీకి తగిలేలా పెట్టండి. చెమట ఉప్పు హెడ్‌సెట్‌లోకీ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే భాగం) బోల్టుల్లోకీ దిగి తుప్పు పట్టిస్తుంది. హ్యాండిల్ మీద, టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) మీద తువ్వాలు వేసుకోండి, దిగాక తడిగుడ్డతో తుడవండి.

డైరెక్ట్ డ్రైవ్ మీద డిస్క్ బ్రేక్ సైకిల్ పెట్టినప్పుడు వెనక బ్రేక్ లివర్ పొరపాటున కూడా నొక్కకండి. మధ్యలో డిస్క్ లేక ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి, తర్వాత చక్రం దూరదు. ప్యాడ్ల మధ్య స్పేసర్ గానీ మడిచిన అట్టముక్క గానీ పెట్టండి.

స్పిన్‌డౌన్ క్యాలిబ్రేషన్ (వేగం పెంచి వదిలేసి, ఆగే తీరుని బట్టి కొలతని సరిచేసుకోవడం) అడిగే ట్రైనర్ అయితే 10 నిమిషాలు తొక్కి వేడెక్కాకే చేయండి. చల్లటి గదిలో రాత్రంతా ఉన్న ట్రైనర్ మొదటి నిమిషాల్లో వేరే లెక్క చూపిస్తుంది. మొదటి వారం తొక్కాక ఇరుసు బిగువు, క్యాసెట్ లాక్‌రింగ్ మళ్లీ ఒకసారి చూడండి. కొత్త క్యాసెట్ సర్దుకునేటప్పుడు కాస్త వదులవడం మామూలే.