నీళ్లు దిగినాక, షట్టర్ ఎత్తే ముందు

2009 అక్టోబరు 2న వరదొచ్చి కర్నూలుకు ఏం జరిగిందో ఊళ్లో వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అటు తుంగభద్ర, ఇటు హంద్రీ, మధ్యలో పాతబస్తీ. నాది కరెంటు పని కాబట్టి నీళ్లు దిగినాక నెలల తరబడి అంగడి అంగడీ తిరిగినా. నీళ్లకు పోయిన సరుకు చూసినా, ఆ తర్వాత మన తొందరకు పోయిన సరుకూ చూసినా. ఇప్పటికీ కడుపు మండేది రెండోదానికే.

కరువు సీమకు వరదేంది అనుకునే రోజులు పోయినాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. మరుసటేడు అక్టోబరులో అనంతపురంలో నడిమి వంక పొంగి కాలనీల్లోకి వచ్చింది. అందుకే ఈశాన్య వానలు మొదలవకముందే అంగళ్ల వాళ్లకు చెబుతున్నా.

మొదట మీ వీధిలో ఒక పెద్దాయన్ని పట్టుకోండి. ఆనాడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. మెయిన్ బోర్డు, ఇన్వర్టరు, బిల్లుల బీరువా ఆ చెయ్యికి పైన ఉండాలి. అంగడి లోపలా బయటా, సరుకుతో సహా ఫోన్లో వీడియో తీసి ఇంకో ఊళ్లో ఉన్న చుట్టానికి పంపి పెట్టండి. పాలసీ కాగితం బయటికి తీసి వరద, తుపాను అందులో ఉన్నాయో లేదో చదవండి. కట్టడం, సరుకు, యంత్రాలు అన్నీ కలిపి 5 కోట్ల లోపు విలువైతే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, దాని గురించి అడగండి. రేకుల షెడ్డు ఉంటే రేకులను పట్టి ఉంచే జె బోల్టులు ఒకసారి బిగించుకోండి, ఫ్లెక్సీ బోర్డులు దించేయండి.

ఇక నీళ్లు వచ్చి దిగినాయనుకుందాం. తడి నేల మీద నిలబడి మెయిన్ ముట్టుకోవద్దు. కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్‌తో స్తంభం దగ్గరే సరఫరా తీయించండి. మునిగిన ఎంసీబీలు (షార్ట్ అయితే వాటంతటవే పడి కరెంటు ఆపేవి), స్విచ్చులు ఎండబెట్టి వాడుకుందామంటే కుదరదు, మార్చాల్సిందే. లోపల ఒండ్రు పట్టి ఉంటుంది, రేపు షార్ట్ అయినప్పుడు పడాల్సింది పడదు. గోడలో పైపుల్లో నీళ్లు వారాలు నిలుస్తాయి. వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు, అదే మెగ్గర్‌తో చూసినప్పుడు కనీసం ఒక మెగోమ్ రాకపోతే ఆ లైనుకు కరెంటు ఇవ్వకండి. మోటార్లు మాత్రం పారేయొద్దు, విప్పి ఎండబెట్టి వార్నిష్ కొట్టిస్తే చాలా వరకు బతుకుతాయి.

సెల్లార్ ఉన్న కాంప్లెక్సుల వాళ్లకు రెండు మాటలు. డీజిల్ ఇంజను సెల్లార్లోకి దించి నీళ్లు తోడొద్దు. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, లోపలున్న మనిషి అరవకుండానే పడిపోతాడు. ఇంజను బయట పెట్టి పైపు మాత్రమే లోపలికి వేయండి. రెండోది, ఒక్క రోజులో ఖాళీ చేయాలని చూడకండి. బయట మట్టి నాని గోడను లోపలికి తోస్తుంటుంది, లోపలి నీళ్లే దానికి ఆనుడు. ఒక అడుగు తోడి గుర్తు పెట్టి, తెల్లారి చూడండి. మళ్లీ పెరిగుంటే ఆగండి.

మందుల షాపులో వరద నీళ్లు తగిలినవి ఏవైనా, సీలు ఊడని షీట్లయినా సరే, అమ్మకూడదు. హోటళ్లలో గ్యాస్ రెగ్యులేటరు, ట్యూబు కొత్తవి వేసుకోండి. లాడ్జీలు, ఆస్పత్రులైతే లిఫ్ట్ గుంతలో నీళ్లు తోడించి మెకానిక్ చూసేదాకా బటన్ నొక్కొద్దు. గోడౌన్లో తడిసిన వేరుశనగను ఎండబెట్టి నూనె మిల్లుకు తోలేద్దామనే ఆలోచన వస్తుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ పుడుతుంది, కాలేయానికి విషం. పశువులకు కూడా పెట్టొద్దు. కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరూ బాత్‌రూం యాసిడ్డూ కలపొద్దు, వచ్చే గ్యాస్‌కు ఊపిరాడదు.

ఆదోని వైపు జిన్నింగ్ మిల్లుల వాళ్లకు నీళ్ల కంటే అగ్గి భయం ఎక్కువ. అంటుకున్న పత్తి బేలు పైన మంట ఆరినట్టుంటుంది, లోపల రోజుల తరబడి కుములుతుంది. కాలిన బేళ్లను బయట ఎడంగా వేయాలి, మళ్లీ వరుస కట్టకూడదు. స్లాబు సిమెంటు గులాబీ రంగుకు తిరిగిందంటే 300 డిగ్రీలు దాటిన వేడి తగిలినట్టు, ఇంజనీరు చూడకుండా దాని కింద నిలబడొద్దు. మసిని తడిగుడ్డతో తుడిస్తే గోడలోకి దిగిపోతుంది, ముందు పొడిగా దులపాలి.

చివరకు గోడలు. 2009లో దీపావళి అక్టోబరు 17న పడింది, నీళ్లొచ్చిన పదిహేను రోజులకే. పాతబస్తీలో నాకు తెలిసిన ఒక బట్టల అంగడాయన పండగ అమ్మకం పోతుందని, బీమా సర్వేయరు రాకముందే బురద సరుకు పారేయించినాడు. తడి గోడలకు పుట్టీ పెట్టి ఆయిల్ పెయింటు కొట్టించినాడు. నేను చెబితే, “నీకేం తెలుసన్నా, సీజను పోతే మళ్లీ ఏడాది” అన్నాడు. నిజమే, సీజను బాధ నాకు తెలియదు. కానీ మందపాటి ఇటుక గోడ ఆరాలంటే అంగుళానికి దాదాపు నెల పడుతుంది. పాత మట్టి అడుసు గోడలైతే ఇంకా జాగ్రత్త, అడుగున కరిగి ఉంటాయి. రెండడుగుల ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపల చెమట పట్టి ఉంటే రంగు మాట ఎత్తకండి.

సంక్రాంతికల్లా ఆయన పెయింటు పొక్కులు లేచి, వెనక తెల్లగా ఉప్పు పూసింది. గోడకు ఆనించిన కొత్త పట్టుచీరల అడుగు వరస బూజు పట్టింది. బీమా వాళ్లు పాత సరుకు ఏదని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. వేసవిలో ప్లాస్టరంతా గీకించి, తలుపులు తెరిచి రెండు నెలలు అట్లే వదిలేసి, తర్వాత సున్నం కొట్టించినాడు.