రేడియో ప్రకటన వేసినా షాపుకు గిరాకీ పెరగలేదా? లోపం ఎక్కడుందో చూడండి

హనుమకొండలో ఒక చీరల షాపు బతుకమ్మ ముందు ఎఫ్ఎంలో 30 సెకన్ల ప్రకటన వేయిస్తోందనుకుందాం. డబ్బు పోయింది, జనం రాలేదు. సాధారణంగా తప్పు స్టేషన్‌ది కాదు, రాసిన కాగితంలోనే ఉంటుంది. అందుకే ముందు అక్కడ వెతకాలి.

సమస్య: ప్రకటన విన్నామంటారు, ఏ షాపో చెప్పలేరు

కారణం: పేరు చివర్లో ఒక్కసారే వచ్చింది. వినేవాళ్లు బండి మీదో వంటింట్లోనో ఉంటారు, మళ్లీ వెనక్కి తిప్పి వినే వీలుండదు.

పరిష్కారం: మొదటి 5 సెకన్లలో ఒకసారి, మధ్యలో ఒకసారి, ఆఖర్న ఒకసారి పేరు వినిపించాలి.

సమస్య: గొంతు పరుగెడుతోంది, ఏదీ చెవికెక్కట్లేదు

ఎక్కువ ప్రకటనలు చెడేది ఇక్కడే. "పట్టు, కాటన్, ఫ్యాన్సీ చీరలు, డ్రెస్ మెటీరియల్స్, పెళ్లి బట్టలు, పిల్లల దుస్తులు సరసమైన ధరలకు లభించును" అని రాసిస్తారు. అది బోర్డు మీది భాష, నోటి మాట కాదు. పైగా తెలుగు మాటలు పొడవు. 30 సెకన్లలో తీరిగ్గా పలకగలిగేవి 50, 55 మాటలే. 80 ఇస్తే చదివేవాళ్లు ఊపిరాడక పరుగెత్తుతారు.

పరిష్కారం: ఒక్క సరుకు, ఒక్క కబురు. "బతుకమ్మకు పట్టుచీర చూస్తున్నారా? వెయ్యి రూపాయల నుంచే ఉన్నయి" చాలు. మిగతావి షాపుకొచ్చాక వాళ్లే చూస్తారు. రాసింది ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదవండి, 27 సెకన్లలో ముగిసేలా తగ్గించండి. ఆ మిగిలిన 3 సెకన్లు సంగీతానికి, విరామాలకు. గొంతు కూడా వరంగల్ వైపు మాట పలికేవాళ్లదైతే మేలు. యాసను వెక్కిరించినట్టు మాత్రం ఉండకూడదు, అది జనాన్ని దూరం చేస్తుంది.

సమస్య: పేరు తెలుసు, షాపు దొరకలేదు

కారణం: ఇంటి నంబరు, ఫోన్ నంబరు చదివించారు. పది అంకెలు ఒకసారి పలకడానికే దాదాపు 5 సెకన్లు పడుతుంది, రెండుసార్లంటే ప్రకటనలో మూడో వంతు దానికే పోయింది. అయినా రాసుకునేవాళ్లుండరు.

పరిష్కారం: నంబరు తీసేయండి. "చౌరస్తా దాటగానే ఎడమచేతి వైపు" లాంటి గుర్తు చెప్పండి.

సమస్య: ప్రకటన బాగుంది, అయినా స్పందన లేదు

రేడియోలో రేటు 10 సెకన్ల లెక్కన ఉంటుంది. 30 సెకన్లవి 60 స్పాట్లు (స్పాట్ అంటే ప్రకటన ఒకసారి వినిపించడం) నెలంతా పరిస్తే రోజుకు రెండే పడతాయి, ఎవరికీ ఆనవు. అదే డబ్బుకు 20 సెకన్లవి 90 వస్తాయి. వాటిని 12 రోజుల్లో కుదిస్తే రోజుకు ఏడెనిమిది. బతుకమ్మ పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు మొదలవుతుంది కాబట్టి, ఆ రోజుకు ముగిసేలా 12 రోజుల ముందు ప్రారంభించండి. పండుగ మొదలయ్యాక చీరల ప్రకటన వృథా.

"రోజులో ఎప్పుడైనా వేస్తాం" అనే చవక ప్యాకేజీలో స్పాట్లు అర్ధరాత్రికి వెళ్లే ప్రమాదం ఉంది. ఉదయం, సాయంత్రం వేళలు ఒప్పందంలో రాయించుకోండి. ప్రసారమైన సమయాల లాగ్ అడిగి తీసుకున్నాకే చివరి బిల్లు కట్టండి.

సమస్య: ప్రకటన ఆపమని నోటీసు వచ్చింది

సినిమా పాట బాణీ వాడారు. స్టేషన్‌కున్న లైసెన్సు పాటలు ప్రసారం చేసుకోవడానికే, మీ ప్రకటనకు అది పనికిరాదు. హక్కుదారు అనుమతి తీసుకోండి, లేదా కొత్త బాణీ చేయించండి.

సమస్య: ఊళ్ల నుంచి ఎవరూ రాలేదు

ఆ ఊళ్లలో మీ ఎఫ్ఎం స్పష్టంగా వినిపిస్తుందో లేదో అక్కడికెళ్లి ఫోన్లోనే విని చూడండి. అందకపోతే ఆకాశవాణిని, దగ్గర్లో ఉంటే కమ్యూనిటీ రేడియోను (స్థానికులే నడుపుకునే చిన్న స్టేషన్) అడగండి. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియో అలాంటిదే. కమ్యూనిటీ రేడియోల పరిధి పది, పదిహేను కిలోమీటర్లే అయినా, వినేవాళ్లు ఆ చుట్టుపక్కల వాళ్లే.

సమస్య: పనిచేసిందో లేదో తేలట్లేదు

"రేడియోలో విన్నామని చెబితే జాకెట్టు గుడ్డ ఉచితం" అనే మాట ఒక్క రేడియోలోనే చెప్పండి, బ్యానర్ మీద వేయొద్దు. కౌంటర్‌లో నోటుపుస్తకం పెట్టి, ఆ మాట అన్నవాళ్ల ఊరు, రేడియో విన్న వేళ, తేదీ రాయించండి. వచ్చే పండుగకు ఏ వేళ కొనాలో, ఏది మానుకోవాలో ఆ పుస్తకం చూసి నిర్ణయించండి.