డేటాబేస్ బ్యాకప్ – 4వ పాఠం: టేబుల్లోంచి ఒక ముక్క

పోయిన పాఠంలో మైఎస్క్యూఎల్‌డంప్‌తో (మైఎస్క్యూఎల్ డేటాబేస్‌ను ఫైల్‌గా దించే కమాండ్) డేటాబేస్ మొత్తాన్నీ దించుకున్నాం. ఈసారి అందులో ముక్క. ఒక హోల్‌సేల్ షాపు బిల్లింగ్ డేటాబేస్ అనుకోండి. ఆడిటర్‌కి 2024-25 బిల్లులు చాలు, పదేళ్లవీ మోయడం దేనికి?

(ఆప్షన్ల పేర్లు పలికినట్టే రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు ముందు రెండు అడ్డగీతలు, మాటకీ మాటకీ మధ్య ఒకటి పెట్టండి.)

టేబుల్ మొత్తం కావాలంటే తేలికే. డేటాబేస్ పేరు పక్కన టేబుల్ పేరు రాస్తే సరి. అందులో కొన్ని వరుసలే కావాలంటే వేర్ ఆప్షన్, దాని పక్కన కోట్స్‌లో షరతు: బిల్లు తేదీ 2024-04-01 లేదా ఆ తర్వాత, 2025-04-01 కంటే ముందు. బిట్వీన్ (ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా అనే షరతు) వాడి 2025-03-31తో ఆపకండి. కాలమ్‌లో టైమ్ కూడా ఉంటే ఆ తేదీకి అర్థం సున్నా గంటలు. మార్చి 31న షాపు తీశాక కొట్టిన బిల్లులన్నీ జారిపోతాయి.

బిల్లులోని సరుకుల టేబుల్‌తోనే చిక్కు. అందులో తేదీ కాలమ్ ఉండదు. రెండు టేబుళ్లనూ ఒకే కమాండ్‌లో పెడితే షరతు రెండింటికీ వర్తిస్తుంది, ‘అన్‌నోన్ కాలమ్’ అని ఆగిపోతుంది. కాబట్టి సరుకులను విడిగా దించాలి. షరతులో సబ్‌క్వెరీ (లోపల ఇంకో క్వెరీ) రాసి, ఆ ఏడాది బిల్లు నంబర్లున్న వరుసలే అడగండి. బిల్లుల టేబుల్ లాక్ కాలేదని ఎర్రర్ వస్తే సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ కలపండి. ఇన్నోడీబీ (మైఎస్క్యూఎల్‌లో మామూలుగా వాడే టేబుల్ రకం) టేబుళ్లకైతే ఎలాగూ అది ఉండాల్సిందే.

ఇక నాకు చెమటలు పట్టించిన సంగతి. ఒకసారి ఒక్క నెల బిల్లులు దించి, ఆ ఫైల్‌ను అసలు డేటాబేస్‌లోకే ఎక్కించాను. చూస్తే ఆ నెలవి తప్ప ఒక్క బిల్లూ లేదు! ఫైల్ మొదట్లోనే ‘డ్రాప్ టేబుల్’, అంటే పాత టేబుల్‌ను చెరిపేసే ఆజ్ఞ, ఉంటుంది మరి. వేర్ పెట్టినా అది పోదు. అందుకే ముక్క దించేటప్పుడు నో క్రియేట్ ఇన్‌ఫో తప్పనిసరి. అప్పుడు ఫైల్లో టేబుల్‌ను చెరిపే, సృష్టించే ఆజ్ఞలు ఉండవు, వరుసలు చేర్చే ఇన్సర్ట్‌లు ఉంటాయి.

అభ్యాసం: నో డేటా ఆప్షన్‌తో ఖాళీ టేబుళ్లను దించి, కొత్త డేటాబేస్‌లో ఎక్కించండి. ఆపైన రెండు ముక్కలూ ఎక్కించి, వరుసల లెక్కను అసలుదానిలోని అదే ఏడాది లెక్కతో పోల్చండి. డంప్ ఫైల్ ఫారిన్ కీ (ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్ వరుసకు కట్టే లింకు) తనిఖీని ఆపేసి ఎక్కిస్తుంది, కాబట్టి బిల్లు లేని సరుకులు ఉన్నా చప్పుడు చేయదు. లెఫ్ట్ జాయిన్‌తో (జత లేని వరుసలనూ చూపే జోడింపు) వాటిని మీరే వెతకండి. ఒక్కటి దొరికినా మీ సబ్‌క్వెరీలో తేదీలు మళ్లీ చూసుకోండి.