కొరుకుడుపడని ఫ్రాయిడ్‌ని చదవడం ఎలా

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. మధ్యాహ్నం 2 దాటితే 4 వరకూ బేరం ఉండదు. మనోవిశ్లేషణకి ఆద్యుడు ఫ్రాయిడ్‌ని నేను చదివిందంతా ఆ రెండు గంటల్లోనే. ఎదురింటి ముసలాయన బీపీ మాత్రలకొచ్చి, "ఈ వయసులో ఏటి సదువు బాబూ, పరీచ్చలా?" అంటాడు.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. తిన్నగా, ఫ్రాయిడ్‌ని కొత్తగా చదివి చెప్పిన ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్ వ్యాసాల పుస్తకం 'ఎక్రీ'తో మొదలుపెట్టాను. ఆర్నెల్లకి 11 పేజీలు, అవీ అర్థమై కాదు. లోపం నా బుర్రదే అనుకున్నాను.

ముందు ఒక మనిషి కనబడే చోటు పట్టుకోండి. ఫ్రాయిడ్ 1920లో అచ్చువేసిన 'బియాండ్ ద ప్లెజర్ ప్రిన్సిపుల్' తెరిచి, మొదటి అధ్యాయం వదిలేసి, రెండోదానికి వెళ్లండి. ఏడాదిన్నర పిల్లాడు, ఆయన మనవడే, దారం కట్టిన చెక్క రీలుని తన మంచం తెర అవతలికి విసిరి 'ఓ...' అంటాడు. జర్మన్‌లో 'ఫోర్ట్' అనడానికి నోరు తిరగక. పోయింది అని. దారం లాగి, రీలు కనబడగానే 'డా' అని సంబరపడతాడు. ఇదిగో అని.

ఇది చదువుతున్నప్పుడే మా మనవరాలు కౌంటరు కిందకి సిరప్పు మూత దొర్లించి 'దా, దా' అంటోంది. మన 'దా' పిలుపు, వాళ్ల 'డా' వచ్చేశాక అనే మాట. రెంటికీ చుట్టరికం లేదు. కానీ ఆ తేడా నన్ను పేజీ వెనక్కి తిప్పించింది. ఆ పిల్లాడు పిలవడం లేదు, దారం తన చేతిలో ఉంది. ఈ ఆట వాళ్లమ్మ వదిలి వెళ్లడం గురించే అంటాడు ఫ్రాయిడ్. కానీ బయటికెళ్లిన అమ్మకి మాత్రం దారం లేదు. పైగా వాడు విసరడం వరకే ఆడి ఊరుకున్న సార్లే ఎక్కువట. బాధపెట్టేదాన్నే మళ్లీ మళ్లీ ఎందుకు ఆడుకోవడం? ఈ ఒక్క ప్రశ్న కొంగున ముడేసుకుంటే మిగతా అధ్యాయాల్లో దారి తప్పరు. నాలుగో అధ్యాయం మొదట్లో ఇక చెప్పబోయేది ఊహాగానమని ఆయనే ఒప్పుకుంటాడు. అక్కడ తల తిరిగితే మీ తప్పు కాదు.

తరవాత మాటల సంగతి. ఇగో, ఇడ్ అని బెదిరిపోతాం గానీ ఫ్రాయిడ్ రాసింది 'ఇష్', 'ఎస్'. నేను, అది. అంతే! లాటిన్ తొడిగింది ఇంగ్లీషు అనువాదకులు. గిడుగు రామమూర్తి గారు బడి చెప్పిన ఊళ్లో కూర్చుని ఇది తెలుసుకుంటే నవ్వు రాదూ, వాడుక మాటకి గ్రాంథికం కట్టబెట్టారు! అందుకే పాత స్టాకు రిజిస్టరులో ఇంగ్లీషు మాట, జర్మన్ మాట, ఇంట్లో మాట పక్కపక్కన రాసుకుంటాను. మనల్ని లోపల్నించి నెట్టేదానికి ఫ్రాయిడ్ వాడిన 'ట్రీబ్'ని ఇంగ్లీషు అనువాదకుడు స్ట్రేచీ 'ఇన్‌స్టింక్ట్' చేశాడు. 'ట్రీబ్' ఎడ్లని తోలడం లాంటి క్రియలోంచి పుట్టిన మాట. ఇన్‌స్టింక్ట్ అంటే గూడు అల్లే పిచ్చుక గుర్తొస్తుంది. తోలుడు అనుకుంటే, వెనక ములుగర్ర ఉన్నట్టుంటుంది.

అప్పుడు లకాన్ దగ్గరికి రండి. 'ఎక్రీ' కాదు, సెమినార్లు. అవి మనుషుల ముందు మాట్లాడినవి కాబట్టి పైకి చదవండి. షాపు కుర్రాడు నవ్వితే నవ్వనీండి.

పెన్ను వద్దు, పెన్సిలు చాలు. అర్థంకాని చోట ప్రశ్నార్థకం, పక్కన తేదీ. మళ్లీ వచ్చినప్పుడూ తెలియకపోతే ఇంకో తేదీ వేసి ముందుకు పోండి. నా పుస్తకంలో ఒక్క పేరాకి 4 తేదీలున్నాయి. నాలుగోదాని పక్కన ప్రశ్నార్థకం చెరిపేసి ఉంది.