మోడెమ్ సిగ్నల్ సరిచేయబోయే ముందు కొన్ని జాగ్రత్తలు

వానలు మొదలైతే కేబుల్ నెట్ తెగుతూ అతుకుతూ ఉండడం చాలామందికి అనుభవమే. స్పానర్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ కొనేయకండి. సిగ్నల్‌తో పాటు నాయిస్‌నూ (అనవసరపు గోలనూ) పెంచుతుంది. పాతకాలం టీవీ యాంప్లిఫయర్లలో తిరుగుదారి ఉండదు, మోడెమ్ పంపేది బయటికే పోదు. ఉన్న నెట్టూ పోతుంది.

• రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చొద్దు. సెట్టింగులన్నీ పోతాయి, సిగ్నల్ మాత్రం అలాగే ఉంటుంది.

• ముందు మోడెమ్ చూపించే సిగ్నల్ అంకెలు ఫోటో తీసుకోండి. చాలా మోడెమ్‌లకు బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే పేజీ వస్తుంది. డౌన్‌స్ట్రీమ్ (మోడెమ్‌కు వచ్చే సిగ్నల్) పవర్ మైనస్ 7, ప్లస్ 7 డీబీఎంవీల (సిగ్నల్ బలానికి కొలత) మధ్య ఉంటే నిశ్చింత. ఎస్ఎన్ఆర్ (నాయిస్ కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే అంకె) 33 డీబీ దాటితే మేలు. అప్‌స్ట్రీమ్ (మోడెమ్ పంపే సిగ్నల్) 50 డీబీఎంవీ దాటిందంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, దారిలో ఎక్కడో నష్టముంది.

• స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను రెండు మూడు దారులుగా చీల్చే డబ్బీ) మీద అచ్చేసిన అంకె చదవండి. రెండు దారులదైతే ఒక్కో దారి సుమారు 3.5 డీబీ తింటుంది. మూడు దారుల వాటిలో కొన్నిటికి ఒక దారి 3.5, మిగతా రెండూ 7. మోడెమ్ ఆ 7లో ఉంటే ఇబ్బంది అక్కడే.

• కనెక్టర్ విప్పితే మధ్య తీగను వెలుతురులో చూడండి. పచ్చటి చిలుము ఉంటే నీరు దిగినట్టే. చుట్టూ ఉన్న అల్లికలోంచి వెంట్రుకంత పోగు ఒకటి దానికి తగిలినా చాలు, సిగ్నల్ పాడవుతుంది.

• ఎర్త్ వైరు ముట్టుకోకండి. అది పిడుగుల కోసం.

• ఒకసారికి ఒకటే మార్చి మళ్లీ అంకెలు చూడండి. అన్నీ కలిపి కదిపితే ఏది పనిచేసిందో తెలీదు.