మాది కాని బండికి మా పేరు మీద చలాన్: నా అనుభవం

మాది గుంటూరు, బ్రాడీపేట. ఈమధ్య నాన్నగారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హెల్మెట్ లేకుండా బండి నడిపారు, 1000 రూపాయలు కట్టండి అని. ఆ రోజు స్కూటర్ మా ఇంటి ముందే ఉంది. నాన్నగారికి టెన్షన్. "కట్టేద్దాంరా, గొడవెందుకు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. చేయని తప్పుకి ఎందుకు కట్టాలి?

చలాన్‌లోని ఫొటో పెద్దది చేసి చూశాను. అందులో ఉన్నది నల్ల మోటార్‌సైకిల్, మాది తెల్ల స్కూటర్! ప్లేటు మీద 8 అంకెకి ఎడమ పక్క పెయింటు ఊడి 3లా కనబడుతోంది. మా నంబరులో అక్కడ 3 ఉంది. రోడ్డు మీది కెమెరా తీసిన ఫొటోలోని నంబరును సాఫ్ట్‌వేర్ చదువుతుంది. ప్లేటు మురికిగా ఉన్నా, వంగినా, లైట్ల వెలుగు పడినా పొరబడుతుంది. ఒక మనిషి ఆ ఫొటోని ఆర్సీలోని బండి రకంతో పోల్చి చూసి ఉంటే చలాన్ అక్కడే ఆగిపోయేది. నాకు బాధ కలిగించింది అదే. అన్ని కాగితాలు చూసుకునే ఓపిక లేనివాళ్లు ఎంతమంది ఊరికే కట్టేస్తున్నారో!

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో తెచ్చిన 167ఏ అనే నిబంధన ప్రకారం కెమెరా చలాన్‌కి ఉల్లంఘన, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో ఉండాలి. తేదీ, సమయం, స్థలం ఉండాలి. 2021లో తెచ్చినప్పుడు అందులో నోటీసు 15 రోజుల్లోపు పంపాలని కూడా ఉంది.

ట్రాఫిక్ పోలీసులకు పెట్టిన ఫిర్యాదులో ఇదంతా రాశాను. ఆర్సీ కాపీ, మా స్కూటర్ ఫొటో, చలాన్ ఫొటో పక్కపక్కన పెట్టి ఆ అంకె చుట్టూ గీత గీశాను. ఆన్‌లైన్‌లో పంపి, అవే కాగితాలు స్వయంగా ఇచ్చి రసీదు తీసుకున్నాను. తొమ్మిదో రోజున చలాన్ రద్దయింది. నాన్నగారు రద్దయినట్టు చూపే పేజీ ప్రింటు తీయించి ఆర్సీతో పాటే దాచుకున్నారు.